గీసిన చేతిని నిలదీసే బొమ్మలు

కార్టూన్ పాత్రల్లో కొన్నింటికి తాము బొమ్మలమన్న సంగతి తెలుసు. కథ నడుస్తూ ఉండగానే అవి ఆగిపోయి, తమ చుట్టూ ఉన్న గడి ఎక్కడిదాకా ఉందో తడిమి చూసుకుంటాయి. వెనక దృశ్యం వేయడం మరిచిపోయారని ఫిర్యాదు చేస్తాయి. తమకు రంగు వేస్తున్న చేతితో తగవుకు దిగుతాయి. నరసాపురం ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతున్నవాణ్ణి కనుక, ఈ పాత్రలను నేను కాలక్షేపానికి చూసి వదిలేయలేను. ఒక మనిషి బొమ్మను గీసినవాడు ఆ బొమ్మకు ఏమైనా బాకీ పడతాడా అన్న ప్రశ్న బడి గంట కొట్టాక కూడా నన్ను వదలదు. బాకీ పడతాడనే నా నమ్మకం. తిరగబడిన బొమ్మలను ఇన్నేళ్ళుగా చూస్తూ రావడం వల్ల ఏర్పడిన నమ్మకం అది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ప్రేక్షకుడి వైపు తిరిగి మాట్లాడే పాత్ర వేరు, తనను గీసిన చేతి వైపు తిరిగి మాట్లాడే పాత్ర వేరు. మొదటిది మనకు బాగా అలవాటైనదే. నరసాపురంలో పుట్టిన బాపు గీతలోనూ, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ మాటలోనూ రూపం దిద్దుకున్న బుడుగు, పాఠకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతాడు. అయితే అతడి ధీమా అంతా తాను మన వీధిలో తిరిగే పిల్లవాణ్ణన్న ధీమా. సిరాతో గీసిన గీతనన్న దిగులు అతడికి ఉండనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది ఆ దిగులు పట్టుకున్న పాత్రల గురించి, ఆ దిగులును కోపంగా మార్చుకున్న పాత్రల గురించి.

ఇది ఈ మధ్య పుట్టిన పోకడ అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి కదిలే బొమ్మ పుట్టినప్పుడే ఇది కూడా పుట్టింది. 1908లో ఫ్రాన్సులో ఎమిల్ కోల్ తీసిన ‘ఫాంటాస్మగోరీ’ చేతితో గీసిన బొమ్మలతో తయారైన తొలి చిత్రాల్లో ఒకటి. అందులోనే గీసే చెయ్యి తెర మీదికి వచ్చేసింది. ఆ చెయ్యి మొదట ఒక విదూషకుణ్ణి గీసి తప్పుకుంటుంది, వాడు పడి ముక్కలైనప్పుడు మళ్ళీ వచ్చి అతికించి వెళ్తుంది. అంతకు మూడేళ్ళ ముందే, 1905లో, అమెరికాలో విన్సర్ మెక్కే తన పత్రికా కార్టూన్‌లో సామీ అనే తుమ్ముల పిల్లవాడి చేత ఒక తుమ్ము తుమ్మించి, వాడి చుట్టూ ఉన్న గడి గీతలే పగిలి వాడి మీద పడేటట్టు గీశాడు. అదే మెక్కే 1914లో గెర్టీ అనే డైనోసార్‌ను గీసి, కదిలే బొమ్మగా మలచి, రంగస్థలం మీద తెర పక్కన తాను స్వయంగా నిలబడి దానికి ఆజ్ఞలు ఇచ్చాడు. అది వింటుంది, మొండికేస్తుంది, మందలిస్తే కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఆట చివర మెక్కే తెర వెనక్కి తప్పుకుంటాడు, అదే క్షణంలో గీసిన మెక్కే ఒకడు తెర మీద ప్రవేశించి, గెర్టీ వీపునెక్కి వెళ్ళిపోతాడు. గెర్టీకి తాను బొమ్మనని తెలుసో లేదో చెప్పలేము గానీ, తెర అవతల తనను శాసించేవాడొకడు ఉన్నాడని మాత్రం దానికి స్పష్టంగా తెలుసు.

శాసించేవాడి మీద తిరగబడడం మాక్స్ ఫ్లైషర్ సృష్టించిన విదూషకుడితో బాగా ముదిరింది. 1918లో మొదలైన ఆ వరుస చిత్రాల్లో విదూషకుడు సిరాబుడ్డిలోంచి పైకి వస్తాడు, బల్ల దగ్గర కూర్చున్న ఫ్లైషర్‌ను ముప్పుతిప్పలు పెడతాడు, చివరికి మళ్ళీ సిరాబుడ్డిలోకే దిగిపోతాడు. తరువాత అతడికి కోకో అన్న పేరు స్థిరపడింది. ఈ పాత్ర తయారీలో నన్ను బాగా కదిలించే సంగతి ఒకటి ఉంది. ఫ్లైషర్ తన తమ్ముడు డేవ్ చేత విదూషకుడి దుస్తులు వేయించి, అతడి కదలికలను ముందుగా కెమెరాలో పట్టి, ఆ ఫిల్ములోని ఒక్కొక్క బొమ్మను గాజుపలక మీద పడేటట్టు చేసి, దాని మీద కాగితం పెట్టి గీతలు తీశాడు. ఆ పద్ధతికి 1917లో పేటెంటు కూడా పొందాడు. కనుక కోకో గెంతుతున్నప్పుడు మనం చూస్తున్నది ఒక నిజమైన మనిషి నడక. తమ్ముడి నడకతో తయారైనవాడు అన్నగారి మీద తిరగబడుతున్నాడు! ఆ తగవులో ఇంటి తగవుల చనువు కనిపించడానికి కారణం ఇదేనేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక్కడ మన సీమ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఉన్నాయి. మేక తోలును పలచగా చేసి, రంగులద్ది, కాళ్ళూ చేతులూ విడివిడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో కూర్చిన ఆ బొమ్మలు ఎత్తులో ఇంచుమించు మనిషంత ఉంటాయి. రామాయణ కథ సాగుతూ ఉండగా మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు వచ్చి హాస్యం చేస్తారు. కథకు వీళ్ళతో పని లేదని, నవ్వించడానికి మాత్రమే వస్తారని రాసినవారున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను.

మా అమ్మమ్మగారి ఊళ్ళో, రామాలయం ముందు, చిన్నతనంలో నేను చూసిన ఒక ఆటలో సుందరకాండ నడుస్తూ ఉండగా హనుమంతుడి బొమ్మకు భుజం దగ్గర దారం తెగి చెయ్యి వేలాడిపోయింది. ఆటగాడు బొమ్మను చప్పున లోపలికి లాగేసుకున్నాడు. తెల్లటి తెర ఖాళీగా మిగిలింది. మరుక్షణంలో కేతిగాడు పక్కనుంచి ఊగుతూ వచ్చి, జనం వైపు చూడకుండా, తెర వెనకనున్న ఆటగాడి వైపు తలతిప్పి, “ఏం మావా, సముద్రం దాటి వచ్చినోడి చెయ్యి కుట్టడానికి నీ దగ్గర మూరెడు దారం లేదా? నా మొలతాడు ఇమ్మంటావా?” అని అడిగాడు. జనం విరగబడి నవ్వారు. లోపల దారం ఎక్కిస్తున్నంతసేపూ కేతిగాడు తన తోలు ఏ మేకదో, తన చెయ్యి ఆడించే బద్ద ఎంత పాతబడిందో, గిట్టని అల్లుణ్ణి పెట్టెలో అడుగున పడేసినట్టు తనను ఎలా పడేస్తారో ఏకరువు పెడుతూనే ఉన్నాడు. తరువాత చెయ్యి బాగుపడిన హనుమంతుడు తెర మీదికి రాగానే మా అమ్మమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ బొమ్మ తోలు అనీ, ఇప్పుడే కుట్టారనీ ఒక నిమిషం క్రితమే అందరమూ విన్నాము. అయినా సీతమ్మ ముందు హనుమంతుడు ఉంగరం పెట్టినప్పుడు ముందు వరుసలోని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ఏర్పాటు గురించి పెద్దయ్యాక చాలా ఆలోచించాను. బొమ్మనన్న తెలివిడి కేతిగాడికి ఉంది, సీతకు లేదు, రాముడికి లేదు. కేతిగాడు ఆటగాణ్ణి ఎంతైనా ఎగతాళి చేస్తాడు గానీ సీత దుఃఖాన్ని ఎన్నడూ ఎగతాళి చేయడు. తెలిసినవాడు తెలియనివాళ్ళ తరఫున ఆటగాణ్ణి అడుగుతున్నాడు: దారం ఏదని, చెయ్యి ఎందుకు ఊడిందని. కథకు అతడితో పని లేదనే మాటను నేను ఒప్పుకోకపోవడానికి కారణం అదే. ఆ రాత్రి అందరి బొమ్మల మంచిచెడ్డలూ పట్టించుకున్నవాడు అతడొక్కడే.

ఇంచుమించు ఏడు నిమిషాల నిడివి గల ‘డక్ అమక్’ అనే కార్టూన్ చిత్రాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు కేతిగాడే గుర్తుకు వచ్చాడు. చక్ జోన్స్ దర్శకత్వంలో, మైకేల్ మాల్టీస్ రచనతో 1953లో విడుదలైన ఈ చిత్రాన్ని 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండారంలో భద్రపరచవలసినదిగా ఎంపిక చేశారు. డాఫీ డక్ అనే బాతు కత్తి తిప్పుతూ పాతకాలపు సైనికుడిగా ప్రవేశిస్తాడు. నాలుగడుగులు వేసేసరికి వెనక ఉన్న కోట దృశ్యం తరిగిపోయి, ఒట్టి తెల్లకాగితం మిగులుతుంది. అతడు ఆగి, కాగితం ఖాళీగా ఉందని గమనించి, దృశ్యం కావాలని తెరకు కనిపించకుండా గీస్తున్నవారిని అడుగుతాడు. ఇస్తారు, కానీ పొలం ఇస్తారు. అతడు వెంటనే వెళ్ళి రైతు దుస్తులతో తిరిగి వస్తాడు. ఈలోగా పొలం పోయి మంచు వస్తుంది. మంచుకు తగ్గట్టు మారి వస్తే హవాయి దీవి వస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం నిదానించి చూడాలి: డాఫీ కోప్పడుతూనే ప్రతిసారీ కొత్త దృశ్యానికి తగిన వేషం వేసుకుని వస్తాడు. తనకు ఇచ్చిన చోటులో తన పని తాను చేయాలన్న పట్టుదల అతడిది. మోసపోతున్నానని తెలిసిన తరువాత కూడా పని మానని ఆ స్వభావాన్ని జోన్స్ ఎంత గౌరవంతో గీశాడో ఆ నడకలోనే తెలుస్తుంది.

తరువాత రబ్బరు వచ్చి అతణ్ణే చెరిపేస్తుంది. తెర మీద ఏమీ లేదు, డాఫీకి మాటలు పలికిన మెల్ బ్లాంక్ గొంతు మాత్రం తానెక్కడున్నానని అడుగుతూ ఉంటుంది. మళ్ళీ గీస్తారు, ఈసారి గిటారు పట్టుకున్న కౌబాయ్‌గా; కానీ శబ్దం ఉండదు. శబ్దం కావాలని అట్ట మీద రాసి చూపిస్తే గిటారు తీగలోంచి తుపాకీ మోత వస్తుంది, నోరు తెరిస్తే కోడికూత వస్తుంది. రంగు కావాలంటే ఒంటినిండా గళ్ళూ చారలూ పులుముతారు. ఫిల్ము జారినట్టు చూపించి, ఒకే తెర మీద ఇద్దరు డాఫీలను నిలబెట్టి వాళ్ళలో వాళ్ళకే తగవు పెడతారు. కత్తి, దుస్తులు, గొంతు, రంగు, ఒళ్ళు — ఒక పాత్రకు ఉండే ఆస్తులన్నీ ఒక్కొక్కటిగా లాగేసుకున్న తరువాత కూడా తెర మీద ఉన్నది డాఫీయేనని మనకు ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. బొమ్మలు వేసేవాడిగా నాకు ఇంతకంటే పెద్ద పాఠం మరొకటి దొరకలేదు. పాత్ర అంటే ముక్కూ మూతీ అని, కొలతలని పిల్లలకు నేర్పుతూ ఉంటాము. ఇక్కడ అవన్నీ పోయినా మిగిలిన ఒక మొండితనమే పాత్రగా నిలబడింది. ఆ మొండితనం బయటపడడానికి తాను బొమ్మనన్న తెలివిడి అవసరమైంది. ఆ సంగతి తెలియని డాఫీ అయితే భయపడి ఊరుకునేవాడు. తెలుసు కనుకనే తనకు ఇవ్వవలసినవి ఇవ్వడం లేదని అడగగలిగాడు.

అడగడానికి మాటలు కూడా అక్కరలేదని ఇటలీ కళాకారుడు ఓస్వాల్డో కవందోలి 1969 నుంచి చేసిన ‘లా లీనియా’ చిన్న చిత్రాలు నిరూపించాయి. ఒకే ఒక్క గీత మీద, ఆ గీతలోనే భాగమైన మనిషి నడుచుకుంటూ పోతాడు. గీత ఎక్కడో తెగిపోతుంది. అతడు గోతి అంచున ఆగి, గీసే చేతిని ఏ భాషకూ చెందని కూతలతో తిడతాడు. చెయ్యి వచ్చి గీత పూర్తిచేస్తుంది, లేదా అల్లరికి మరోటి గీస్తుంది. అతడికి ఆ గొంతునిచ్చినవాడు కార్లో బొనోమి. మా బడిలో చిన్న తరగతుల పిల్లలకు కూడా ఒక్క మాట వివరించవలసిన పని లేకుండా అర్థమైపోయే చిత్రాలివి.

ఈ మధ్య వస్తున్న చిత్రాల్లో, ధారావాహికల్లో మాత్రం ఈ తెలివిడి చాలావరకు చవకబారిపోయింది. పాత్ర ప్రేక్షకుడి వైపు తిరిగి, ఈ కథలో పస లేదని నాకూ తెలుసునన్నట్టు కన్నుగీటి, మళ్ళీ ఆ పసలేని కథలోకే వెళ్ళిపోతుంది. దానివల్ల పాత్రకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. రచయిత తన బద్ధకానికి ముందుగానే క్షమాపణ రాయించుకున్నట్టు ఉంటుంది. తెలివిడికి పాత్ర ఎంతో కొంత మూల్యం చెల్లించినప్పుడే అది నన్ను పట్టుకుంటుంది.

మూల్యం సంగతి వచ్చింది కనుక ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’ గురించి ఒక మాట చెబుతాను. 1988 నాటి ఆ చిత్రంలో కార్టూన్ పాత్రలు మనుషుల మధ్యే బతుకుతూ, సినిమాల్లో నటించి పొట్టపోసుకుంటూ ఉంటాయి. వాటి మీద బండలు పడినా, రైళ్ళు ఎక్కినా చావవు. వాటిని చంపగలిగేది ఒకే ఒక్క ద్రావకం. అందులో ఉండేవి టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్. భీమవరంలోనో పాలకొల్లులోనో బోర్డులు రాసే పెయింటర్లను అడిగినా చెబుతారు, రంగును కరిగించేవి ఇవేనని. పూర్వం కార్టూన్ స్టూడియోల్లో పారదర్శకమైన పలకల మీద పాత్రలకు రంగులు వేసి, చిత్రీకరణ అయిపోయాక ఖర్చు కలిసివస్తుందని ఆ పలకలను కడిగేసి మళ్ళీ వాడుకునేవారు. ఎన్నో పాత్రల అసలు బొమ్మలు అలా మురుగులో కలిసిపోయాయి. చిత్రంలో ఒక చిన్న కార్టూన్ చెప్పును ఆ ద్రావకంలో ముంచే దృశ్యం వచ్చినప్పుడు నేను ఇప్పటికీ తెర వైపు చూడలేను.

నేను చదివినవాటిలో గీసే చేతిని గట్టిగా నిలదీసింది ‘ఆనిమల్ మాన్’ అనే కామిక్. గ్రాంట్ మారిసన్ రాయగా చాస్ ట్రూగ్ గీసిన ఈ వరుసలో, 1988లో వచ్చిన అయిదో సంచికలో ఒక నక్కజాతి జంతువు ఉంది. అది బండలు పడి, లోయల్లో పడి, పేలిపోయి, మళ్ళీ లేచే కార్టూన్ లోకంలోది. అక్కడి హింస చూడలేక అది తన సృష్టికర్త సింహాసనం దగ్గరికి వెళ్ళి, ఇది ఆపమని అడుగుతుంది. ఆపుతాను, దానికి బదులుగా నువ్వు రక్తమాంసాలున్న మరో లోకానికి వెళ్ళి బాధలు అనుభవించాలని అతడు షరతు పెడతాడు. ఇది ఒప్పుకుంటుంది. ఆ లోకంలో లారీ కింద పడుతుంది, తుపాకీ దెబ్బలు తింటుంది, చచ్చి మళ్ళీ లేస్తుంది. తన కథ రాసుకున్న కాగితాన్ని కథానాయకుడైన బడ్డీ చేతికి ఇస్తే, అతడికి అవి పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. చివరి పుటలో నాలుగు దారుల కూడలిలో ఆ జంతువు చచ్చి పడి ఉంటే, పైనుంచి ఒక పెద్ద చెయ్యి కుంచె పట్టుకుని దాని నెత్తురుకు ఎర్రరంగు వేస్తూ ఉంటుంది.

ఆ ఎర్రరంగు నన్ను చాలాకాలం వెంటాడింది. నెత్తురు కారించినవాడే దానికి రంగు కూడా వేస్తున్నాడు, పైగా శ్రద్ధగా వేస్తున్నాడు. యుద్ధం బొమ్మ గీసి, ముచ్చటగా ఎరుపు నింపి, మార్కుల కోసం తెచ్చి చూపించే పిల్లలు నాకు గుర్తుకు వచ్చారు. ఆ బొమ్మలకు అంతకుముందు నేను కూడా ఎరుపు బాగుందనే చెప్పేవాణ్ణి. 1990లో వచ్చిన ఇరవై ఆరో సంచికలో బడ్డీ తన రచయితను ముఖాముఖి కలుస్తాడు. కథ కోసం రచయిత అతడి భార్యాపిల్లలను చంపించాడు. ఎందుకు చేశావని బడ్డీ అడుగుతాడు. రచయిత దగ్గర మంచి సమాధానం లేదు. కథ ముగిసేముందు బడ్డీ భార్యాపిల్లలను అతడికి తిరిగి ఇచ్చి, తాను తప్పుకుంటాడు. తేలికైన ముగింపు అని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం అది బాకీ తీర్చడంగానే కనిపించింది, ఎందుకంటే అడిగినవాడు ఉన్నాడు గనుకనే ఇచ్చినవాడు ఇచ్చాడు.

మొన్న ఎనిమిదో తరగతి పిల్లలకు ‘డక్ అమక్’ చూపించాను. చివరలో డాఫీ, ఇదంతా చేస్తున్నది ఎవరని అరుస్తాడు. దృశ్యం వెనక్కి జరిగితే, బల్ల ముందు కూర్చుని గీస్తున్నది బగ్స్ బన్నీ అనే మరో కార్టూన్ కుందేలని తెలుస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక వెనక బల్ల నుంచి ఒక అబ్బాయి లేచి, “మాస్టారూ, మరి ఆ కుందేల్ని గీసిందెవరండీ?” అని అడిగాడు. అది ఆ చిత్రానికి వేయవలసిన అసలు ప్రశ్న. జోన్స్ తన చేతిని చూపించకుండా నేరాన్ని మరో బొమ్మ మీదికి తోసేశాడు. మెక్కే తెర మీదికి రావాలంటే గీసిన మెక్కేగా మారవలసి వచ్చింది. మారిసన్ బడ్డీ ముందు నిలబడింది కూడా ట్రూగ్ గీసిన బొమ్మగానే. చెయ్యి బయటపడాలంటే అదీ బొమ్మ కావలసిందే. అప్పుడు దాన్ని గీసిన చెయ్యి ఇంకొకటి బయట మిగిలే ఉంటుంది. ఈ మాటలు నేను చెబుతుంటే ఆ అబ్బాయి, “అయితే అడగడం ఎప్పటికీ అవ్వదన్నమాట” అన్నాడు. అవ్వదనే చెప్పాను.

ఆ రోజు పిల్లలందరికీ ఒక పని ఇచ్చాను: ఒక మనిషిని గీయాలి, ఆ మనిషి తనను గీసినవారిని ఒక్క మాట అడగాలి, అడిగినదాన్ని గీసినవారు ఇవ్వాలి. చాలామంది బొమ్మలు చెప్పులు అడిగాయి, సెల్‌ఫోన్లు అడిగాయి. లంకలో ఇల్లున్న ఒక అమ్మాయి గోదావరి మధ్యలో పడవవాణ్ణి గీసింది. అతడు చేతులు రెండూ పైకెత్తి, “ఏంటమ్మా, తెడ్డూ లేకుండా, గెడా లేకుండా గోదాట్లో వదిలేశావు?” అని అడుగుతున్నాడు. కాగితం పైఅంచు నుంచి ఒక చెయ్యి దిగివచ్చి తెడ్డు అందిస్తోంది. ఆ చేతికి ఆ అమ్మాయి తన గాజులే వేసింది. బొమ్మ బాగుందని చెప్పి, తెడ్డు అందినా పడవవాడి నోరు ఇంకా తెరిచే ఉందేమిటని అడిగాను. “ఇప్పుడు లంగరు అడుగుతున్నాడండి, ఇంకా గీయలేదు” అని చెప్పి, కాగితం వెనక్కి తీసుకుని వెళ్ళి మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.